పిల్లల చేతికి ఫోను: ముందుగా చక్కబెట్టుకోవలసిన పనులు, ఏదైనా జరిగితే మొదటి గంటలో చేయవలసినవి

కిందటి వేసవి సెలవుల్లో మా అబ్బాయి తాతగారి ఊళ్లో నెల రోజులు ఉన్నాడు. ఇంట్లో వాడి ట్యాబుకు తాళాలన్నీ పకడ్బందీగా బిగించిన నేను, తాతగారి ఫోను సంగతి మరిచిపోయాను. దానికి స్క్రీన్ లాక్ లేదు. డబ్బు పంపే యాప్‌కు ఆయన పెట్టుకున్న పిన్, ఆయన పుట్టిన సంవత్సరం. పన్నెండేళ్ల పిల్లవాడికి అది కనిపెట్టడానికి పంచాంగం తిరగేయాల్సిన అవసరం లేదు కదా. ఒక గేములో తుపాకీకి కొత్త రంగులు వేయించడానికి నాలుగు విడతల్లో పదహారు వందల చిల్లర వెళ్లిపోయింది.

డబ్బు పోతే పోయింది. నన్ను కుదిపింది వేరే సంగతి. చివరిసారి డబ్బు కట్టిన రోజే వాడికి భయం పట్టుకుంది. అయినా పదకొండు రోజులు నోరు విప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగితే, “చెబితే ట్యాబు లాక్కుంటారుగా నాన్నా” అన్నాడు.

పిల్లలను బెదిరించి డబ్బో ఫొటోలో గుంజేవాళ్లకు కావలసింది సరిగ్గా ఈ భయమే. “మీ ఇంట్లో చెప్పేస్తా” అన్న ఒక్క మాటతో వాళ్ల పని అయిపోతుంది. అందుకే ఈ వరుసలో సెట్టింగుల కంటే ముందు వేరొక పని పెట్టాను.

1. ముందు మాట ఇవ్వండి

ఫోను చేతికి ఇచ్చే రోజునే, లేదా ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఈ రాత్రి భోజనాల దగ్గరే, ఈ మాట చెప్పండి: “ఫోనులో ఏ పొరపాటు జరిగినా, అది నువ్వు చేసిందే అయినా, మాకు వచ్చి చెప్పినందుకు ఫోను లాక్కోము, కొట్టము, నలుగురిలో తిట్టము.”

చెప్పడం తేలిక. నిలబెట్టుకోవడంలోనే ఉంది కష్టమంతా. పిల్లవాడు మొదట తెచ్చే సంగతి చిన్నదిగానే ఉంటుంది: ఏదో పిచ్చి వీడియో కనిపించిందనో, ఎవరో తెలియనివారు “హాయ్” అని పెట్టారనో. అది మీకు పరీక్ష అనుకోండి. అప్పుడు మీరు కేకలు వేస్తే రెండోది, పెద్దది, మీ దగ్గరికి రాదు. చెప్పినందుకు శిక్ష ఉండదంటే హద్దులే ఉండవని అర్థం కాదు. రాత్రి తొమ్మిదికి ఫోను హాల్లో ఛార్జింగులో ఉండాలన్న నియమం అలాగే ఉంటుంది. దాన్ని శిక్షగా వాడకూడదు, అంతే.

ఇంకొకటి. కొన్ని సంగతులు అమ్మానాన్నలకు చెప్పడానికి పిల్లలకు నోరు రాదు. పిన్నో, మేనమామో, పెద్దమ్మ కూతురో, వాడికి చనువున్న ఒక పెద్దవారిని ముందే అనుకోండి. “మాకు చెప్పలేకపోతే మామయ్యకు చెప్పు” అని పిల్లవాడికి, “వాడు చెబితే ముందు విను” అని ఆ మామయ్యకు చెప్పి ఉంచండి.

2. ఇంట్లో ఉన్న తెరలన్నీ లెక్కపెట్టండి

ఒక కాగితం తీసుకొని రాయండి. మీ ఫోను, మీ భార్య లేదా భర్త ఫోను, నానమ్మ ఫోను, హాల్లో టీవీ, 2020లో ఆన్‌లైన్ తరగతుల కోసం కొని ఇప్పుడు సొరుగులో పడేసిన పాత ఫోను. మా ఇంట్లో ఐదు తేలాయి. తాతగారిది ఆరోది. పిల్లలు వెతుక్కునేది తాళం లేని తెరనే. వారి సొంత ఫోనుకు ఎంత కట్టుదిట్టం చేసినా మిగిలినవి తెరిచి ఉంటే ఫలితం ఉండదు.

పెద్దవారి ప్రతి ఫోనులోనూ నాలుగు పనులు చేయండి. స్క్రీన్ లాక్ పెట్టండి. యూపీఐ పిన్ పుట్టిన సంవత్సరమో, బండి నంబరో, పెళ్లి రోజో అయితే మార్చండి. ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. లాక్ వేసిన తెర మీద మెసేజీలు కనిపించకుండా చేయండి, ఎందుకంటే ఓటీపీ వచ్చేది అక్కడే.

పసివాళ్లకు మీ ఫోనే ఇస్తున్నట్లయితే, ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్ అనే సదుపాయం ఉంది. బయటకు రావాలంటే పిన్ అడగాలన్న మీట కూడా వేసి ఒక యాప్‌ను తెరకు బిగించేస్తే, పిన్ కొట్టకుండా అందులోంచి బయటకు రాలేరు. సెట్టింగుల్లో సెక్యూరిటీ విభాగంలో దొరుకుతుంది. ఐఫోన్లో ఇదే పనికి గైడెడ్ యాక్సెస్ ఉంది. అన్నం తినిపించడానికి ఫోను చూపించడం మంచిదా కాదా అన్న చర్చ నేను పెట్టను. చూపించేవాళ్లు కనీసం ఇది పెట్టుకోండి.

టీవీని చాలామంది మరిచిపోతారు. అందులో యూట్యూబ్ నాన్నగారి ఖాతాతో తెరుచుకుంటుంది, నాన్నగారు రాత్రి చూసినవాటి సిఫార్సులన్నీ పొద్దున పిల్లల ముందుకు వస్తాయి. టీవీలో పిల్లలకు విడిగా ప్రొఫైల్ పెట్టండి.

3. వయసు అబద్ధం చెప్పకండి, పిల్లల ఖాతా పిల్లల పేరుతోనే తెరవండి

మన ఇళ్లలో ఎక్కువగా జరిగే తప్పు ఇదేనని నా అభిప్రాయం. ఖాతా తెరవడానికి పదమూడేళ్లు ఉండాలంటుంది, పిల్లకు పదేళ్లే. ఏముంది, 2000లో పుట్టినట్టు రాసేస్తాం. ఆ క్షణం నుంచి ఆ కంపెనీ దృష్టిలో మీ పదేళ్ల పాప పాతికేళ్ల యువతి. ప్రకటనలు, సిఫార్సులు, కొత్తవారి మెసేజీలు అన్నీ ఆ లెక్కన వస్తాయి. ఇన్‌స్టాగ్రామ్‌నే తీసుకోండి. టీనేజర్ల ఖాతాలకు అది ప్రత్యేక రక్షణలు పెట్టింది, మన దేశంలో 2025 ఫిబ్రవరి నుంచి అవి అమలవుతున్నాయి. ఖాతా తనంతట తానే ప్రైవేటుగా ఉంటుంది, పరిచయం లేనివారు మెసేజీ పంపలేరు, రాత్రి 10 నుంచి ఉదయం 7 దాకా నోటిఫికేషన్లు మోగవు, పదహారేళ్లలోపు వారు వీటిని సడలించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. పుట్టిన తేదీ అబద్ధమైతే వీటిలో ఒక్కటీ వర్తించదు.

ఆండ్రాయిడ్ ఫోనైతే ఇలా చేయండి.

మీ ఫోనులో గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్ పెట్టుకోండి. ఉచితమే. అందులో పిల్లల పేరు, నిజమైన పుట్టిన తేదీతో కొత్త గూగుల్ ఖాతా తెరవండి. పిల్లల ఫోనులో పాత ఖాతాలు, ముఖ్యంగా మీది, తీసేసి ఆ కొత్త ఖాతాతోనే లాగిన్ చేయండి. తర్వాత మీ ఫోను నుంచే ఒక్కొక్కటి పెట్టుకుంటూ రండి. ఏ కొత్త యాప్ వేయాలన్నా మీ అనుమతి అడగాలి. రాత్రి ఫలానా వేళ తర్వాత ఫోను తాళం పడిపోవాలి. రోజుకు ఇన్ని గంటలే. కొనుగోళ్లన్నీ మీ ఆమోదంతోనే. గంట పట్టే పని, ఆదివారం పొద్దున పెట్టుకోండి.

యూట్యూబ్ విషయం ఇందులోనే తేల్చాలి. చిన్నపిల్లలకు యూట్యూబ్ కిడ్స్ విడి యాప్. కాస్త పెద్దవాళ్లకు మామూలు యూట్యూబ్‌నే పర్యవేక్షణలో ఇవ్వవచ్చు. అందులో మూడు మెట్లు ఉన్నాయి: తొమ్మిదేళ్ల పైవారికి తగినది, పదమూడేళ్ల పైవారికి తగినది, పెద్దల కోసం గుర్తు పెట్టినవి తప్ప దాదాపు అంతా. మొదటి మెట్టుతో మొదలుపెట్టి, పిల్లలు అడిగినప్పుడు కూర్చుని మాట్లాడి పెంచండి. ఏ మెట్టులోనూ జల్లెడ పూర్తిగా పట్టదు, అప్పుడప్పుడు పక్కన కూర్చొని చూడక తప్పదు.

ఐఫోన్లో ఫ్యామిలీ షేరింగ్ కింద పిల్లల ఖాతా తెరిచి, స్క్రీన్ టైమ్ పెట్టండి. దానికి ఇచ్చే పాస్‌కోడ్ ఫోను పాస్‌కోడ్ కాకుండా వేరేది ఉండాలి. కమ్యూనికేషన్ సేఫ్టీ అనే సదుపాయం కూడా ఉంది. నగ్న చిత్రాలు వస్తే వాటిని మసకబార్చి, చూడాలా వద్దా అని పిల్లలను హెచ్చరిస్తుంది. ఆ పరిశీలన ఫోనులోనే జరుగుతుంది, ఫొటో ఆపిల్‌కు చేరదు.

ఈ యాప్‌లు చేయలేనిదేమిటో కూడా తెలిసి ఉండాలి. ఫ్యామిలీ లింక్ మీ పిల్లల చాటింగ్ చూపించదు. అలా రహస్యంగా చూపిస్తామనే యాప్‌లు విడిగా అమ్ముతారు. నేను వాటి జోలికి పోలేదు. పిల్లలకు తెలియకుండా ఉత్తరాలు విప్పి చదివితే, పట్టుబడిన రోజున మొదటి అడుగులో ఇచ్చిన మాట చెల్లదు. పెట్టిన ప్రతి తాళం పిల్లలకు చెప్పే పెట్టండి, ఎందుకు పెట్టారో కూడా.

వైఫై రూటరు ఉన్నవాళ్లకు ఒక చిట్కా. రూటరు సెట్టింగుల్లో డీఎన్ఎస్ అనే చోట 1.1.1.3, రెండో గడిలో 1.0.0.3 రాస్తే, క్లౌడ్‌ఫ్లేర్ ఉచిత సేవ అశ్లీల సైట్లను, హానికరమైన సైట్లను చాలావరకు అడ్డుకుంటుంది. ఇంటి వైఫై మీద ఉన్న తెరలన్నిటికీ ఒకేసారి వర్తిస్తుంది. మొబైల్ డేటాకు మారితే మాత్రం పనిచేయదు.

4. వాట్సాప్

స్కూలు గ్రూపు, ట్యూషన్ గ్రూపు, అపార్ట్‌మెంట్ పిల్లల గ్రూపు. పేరుకు పిల్లల గ్రూపే గాని అందులో ఎవరి అన్నయ్యలు ఉన్నారో, ఎవరి నంబరు ఎవరి చేతిలో ఉందో తెలియదు. ప్రైవసీ సెట్టింగుల్లోకి వెళ్లి ప్రొఫైల్ ఫొటో, చివరిసారి చూసిన సమయం, గ్రూపులో చేర్చే హక్కు, ఈ మూడూ కాంటాక్టుల్లో ఉన్నవారికే పరిమితం చేయండి. తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చేసే మీట కూడా అక్కడే ఉంది. రెండంచెల ధృవీకరణ పిన్ పెట్టండి. మీడియా దానంతట అదే డౌన్‌లోడ్ కాకుండా ఆపండి. ఆఖరున, లింక్ చేసిన పరికరాల జాబితా చూడండి. క్లాసులో ఎవడో సరదాకు క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పెడితే, మీ అమ్మాయి మెసేజీలు ఇంకొకరి కంప్యూటర్లో కనిపిస్తూ ఉంటాయి. తెలియని పేరు ఉంటే అక్కడికక్కడే లాగౌట్ చేయండి.

ఇక మన వంతు. స్కూలు మొదటి రోజు గేటు ముందు యూనిఫాంలో నిలబెట్టి ఫొటో తీసి స్టేటస్ పెడతాం. అందులో స్కూలు పేరు, సెక్షను, మెడలో ఐడీ కార్డు, దాని మీద తండ్రి ఫోను నంబరు. పుట్టినరోజున వయసు, పూర్తి పేరు. పదో తరగతి ఫలితాల రోజున హాల్ టికెట్ నంబరుతో సహా మార్కుల మెమో. పిల్లలు సమాచారం బయటపెడుతున్నారని బాధపడే ముందు మన స్టేటస్‌లు ఒకసారి వెనక్కి తిప్పి చూసుకోవాలి. నేను చూసుకున్నాను, పద్నాలుగు ఫొటోలు తీసేశాను.

5. ఆటలు

ఆటలో ప్రమాదం తుపాకీల్లో లేదు, పక్కన ఉండే చాట్‌లో ఉంది. ప్రతి గేము సెట్టింగుల్లోనూ చాట్, వాయిస్ ఎవరితో అన్నది ఉంటుంది. చిన్నవాళ్లకు పూర్తిగా ఆపండి, పెద్దవాళ్లకు నిజంగా ముఖం తెలిసిన స్నేహితులకే పరిమితం చేయండి. పిల్లలకు ఒక్క గుర్తు నేర్పితే చాలు: ఆటలో పరిచయమైనవారు “ఇక్కడ వద్దు, వేరే యాప్‌లోకి రా” అంటే అది గంట మోగినట్టు. ఉచితంగా డైమండ్లు (ఆటలో చెల్లే డబ్బు) ఇస్తాననడం, ఓటీపీ చెప్పమనడం, స్క్రీన్ షేర్ చేయమనడం కూడా అంతే.

డబ్బు పందెం ఆటలది వేరే కథ. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేలా డబ్బు పందెం ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా రంగు చెప్పి డబ్బు గెలవమనే యాప్‌ల లింకులు టెలిగ్రామ్ గ్రూపుల ద్వారా ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అవి ప్లే స్టోర్‌లో ఉండవు, ఏపీకే ఫైలుగా, అంటే స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోనులో వేసుకునే ఫైలుగా, వస్తాయి. తెలియని చోటి నుంచి యాప్‌లు వేసే అనుమతిని సెట్టింగుల్లో మూసేయండి. ఇంటర్ వయసు పిల్లలుంటే ఇంకో మాట కూడా చెప్పాలి: కమిషన్ ఇస్తాం, నీ బ్యాంకు ఖాతా కొన్నాళ్లు వాడుకోనివ్వు అని ఎవరన్నా ఒప్పుకోకూడదు. మోసం సొమ్ము ఆ ఖాతా గుండా నడిస్తే పోలీసులు వచ్చేది ఆ ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ల ఇంటికే.

6. ఫొటోలతో బెదిరింపు: ముందే చెప్పవలసినది, జరిగితే చేయవలసినది

ఈ భాగం ఇబ్బందిగా ఉంటుంది. అయినా పదకొండు, పన్నెండేళ్లకే పిల్లలతో మాట్లాడాలి, అమ్మాయిలతో మాత్రమే కాకుండా అబ్బాయిలతో కూడా. ఇది నడిచే తీరు దాదాపు ఒకటే. ఎవరో తమ ఈడువారిలా పరిచయమవుతారు. నాలుగు రోజులు తీపి మాటలు. తర్వాత ఒక ఫొటో పంపి, నువ్వూ పంపమంటారు, లేదా వీడియో కాల్‌కు రమ్మంటారు. అది రికార్డు అవుతుంది. ఆ వెంటనే భాష మారిపోతుంది: డబ్బు పంపు, లేదా ఇంకో ఫొటో పంపు, లేకపోతే మీ స్కూలు గ్రూపులో వేస్తాను. ఇప్పుడు అసలు ఫొటో పంపకపోయినా, మామూలు ముఖం ఫొటోనే కృత్రిమ మేధతో మార్చి బెదిరిస్తున్నారు.

పిల్లలకు చెప్పవలసినవి మూడే. అడిగేవారు ఎంత మంచివారిలా ఉన్నా బట్టలు లేని ఫొటో పంపకూడదు. పంపేసినా, తప్పు బెదిరించేవాడిదే. బెదిరింపు వచ్చిన నిమిషమే ఇంట్లో చెప్పాలి.

పిల్ల వచ్చి చెప్పింది అనుకుందాం. మొదటి గంటలో చేయవలసిన పనులు ఈ వరుసలో చేయండి.

ముందుగా, “చెప్పి మంచి పని చేశావు, ఇక ఇది మేం చూసుకుంటాం” అనండి. “ఎందుకు పంపావు” అన్న ప్రశ్న ఈ రాత్రికి వద్దు.

డబ్బు పంపకండి. ఒకసారి పంపితే ఆగదు, మొత్తం పెరుగుతుంది. బతిమాలకండి, తిట్టకండి, సమాధానమే ఇవ్వకండి.

చాట్ చెరపకండి, ఖాతా తీసేయకండి. బెదిరింపు మెసేజీలు, అవతలివారి యూజర్ నేమ్, ప్రొఫైల్ లింకు, ఫోను నంబరు, డబ్బు పంపమన్న యూపీఐ ఐడీ, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. పిల్లల నగ్న ఫొటోను మాత్రం ఇంకో ఫోనుకు పంపకండి, సాయం అడుగుతూ బంధువులకైనా సరే. పిల్లల అశ్లీల చిత్రాలను పంపడం, ప్రచారం చేయడం ఐటీ చట్టం 67బీ సెక్షను కింద నేరం. ఆ ఫోనునే జాగ్రత్త చేసి చూపించండి. ఇవన్నీ అయ్యాక అతణ్ని యాప్‌లో రిపోర్టు చేసి బ్లాక్ చేయండి.

డబ్బు ఇప్పటికే వెళ్లి ఉంటే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ సొమ్మును బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ. కేంద్ర హోంశాఖ జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో మహిళలు, పిల్లలపై నేరాలకు విడి విభాగం ఉంది, అందులో ఫిర్యాదు నమోదు చేయండి. పిల్లల సహాయానికి 1098 రాత్రీ పగలూ పనిచేస్తుంది.

ఫొటో వ్యాపించకుండా ఆపడానికి టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. అమెరికాలోని నేషనల్ సెంటర్ ఫర్ మిస్సింగ్ అండ్ ఎక్స్‌ప్లాయిటెడ్ చిల్డ్రన్ నడుపుతుంది, మనమూ వాడుకోవచ్చు. పద్దెనిమిదేళ్లలోపు తీసిన ఫొటోలకు ఇది. ఫొటో మీ ఫోను దాటి వెళ్లదు. దాని నుంచి వేలిముద్ర లాంటి ఒక సంకేతం తయారై, అదే ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వంటి సంస్థలకు చేరుతుంది. ఆ ఫొటోను ఎవరైనా అక్కడ పెడితే గుర్తుపట్టి తీసేస్తారు. వాట్సాప్ వంటి గోప్యంగా నడిచే మెసేజీల్లో మాత్రం ఇది పట్టుకోలేదు.

పోలీసు స్టేషను అనగానే మనం వెనకాడతాం. పిల్లను స్టేషనులో కూర్చోబెడతారేమో, పేరు పేపర్లో వస్తుందేమో అని. చట్టం ఈ భయాన్ని ముందే ఊహించింది. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం 24వ సెక్షను ప్రకారం వాంగ్మూలం పిల్లలు ఉండే ఇంట్లో గాని, వారు కోరుకున్న చోట గాని తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి, యూనిఫాంలో రాకూడదు. ఏ కారణం మీదా పిల్లలను రాత్రిపూట స్టేషనులో ఉంచకూడదు. వారి వివరాలు మీడియాకు తెలియకుండా కాపాడవలసిన బాధ్యత పోలీసులది. ఈ నాలుగు మాటలు ఒక కాగితం మీద రాసుకొని వెళ్లండి, అడగడానికి ధైర్యం వస్తుంది. పైగా ఇలాంటి నేరం తెలిసినవారు పోలీసులకు తెలియజేయాలని అదే చట్టం చెబుతోంది, కాబట్టి గుట్టుగా సర్దేద్దాం అనే బంధువుల సలహా వినకండి.

ఆ రాత్రి పిల్లను ఒంటరిగా పడుకోనివ్వకండి. పక్కనే ఉండండి. వాళ్ల మనసులో ఏముందో తెలియకపోతే, మీకే చేతులు ఆడకపోతే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు టెలీమానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

7. నెలకు ఒకసారి కూర్చోండి

తనిఖీ అనకండి. “నీ ఫోనులో కొత్తగా ఏం వచ్చింది, నాకూ చూపించు” అనండి. యాప్‌ల జాబితా కలిసి చూడండి, వాడనివి తీసేయండి, కెమెరా, మైకు, లొకేషన్ అనుమతులు ఎవరెవరికి ఉన్నాయో చూడండి. క్యాలిక్యులేటర్ రెండు ఉంటే ఒకటి ఫొటోలు దాచే యాప్ కావచ్చు. చూడగానే నేరస్థుణ్ని పట్టుకున్నట్టు మొహం పెట్టకండి, అడగండి. మీరు గదిలోకి రాగానే తెర తిప్పేయడం, నిద్ర పట్టకపోవడం, చేతిలోకి ఎక్కడిదో డబ్బు రావడం, ఉన్నట్టుండి స్కూలుకు వెళ్లననడం, వీటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే మాత్రం నెలాఖరు దాకా ఆగకండి.

వయసు పెరిగేకొద్దీ తాళాలు సడలించండి. పదేళ్లకు పెట్టినవే పదహారుకూ ఉంటే, స్నేహితుడి ఫోను ఎలాగూ ఉంది.

మళ్లీ వేసవి రాకముందే తాతగారి ఫోనుకు స్క్రీన్ లాక్ పెట్టి, పిన్ మార్చాం. కొత్త పిన్ ఆయనకు గుర్తుండక, చీటీ మీద రాసి ఫోను కవరులో దాచుకున్నారు. ఆ చీటీ సంగతి సెలవులు మొదలైన రెండో రోజే ఫోను చేసి నాకు చెప్పింది మా అబ్బాయే.